గాదె కింద మేనత్త

"మీ వాళ్ళెప్పుడొస్తారమ్మా?" అని ఎవరైనా అడిగినప్పుడల్లా విడిది ఇల్లు ఒక బారెడు పొడుగు సాగుతోంది.

పొద్దున్న కౌముది ఇందులో దిగినప్పుడు ఇది మామూలు పెంకుటిల్లే. భీమిలిలో ఒక వీధి చివర, సముద్రానికి వీపు పెట్టుకుని కూర్చున్న ఒంటి హాలు. పెళ్ళికూతురి తరఫు వాళ్ళ కోసమని పెళ్ళికొడుకు వాళ్ళు చాపలు పరిచి, కుండలో నీళ్ళు నింపి, గుమ్మానికి మామిడాకులు కట్టి వెళ్ళారు. ఆ తర్వాత పాలవాడు అడిగాడు. సన్నాయి వాళ్ళు అడిగారు. పూలదండలు తెచ్చినావిడ రెండుసార్లు అడిగింది. ఇప్పుడు ఈ గోడ దగ్గర నిలబడితే ఆ గోడ మీద క్యాలెండరు కనబడదు. ఇల్లు సాగినంత మేరా చాపలు వాటంతట అవే పరుచుకుంటున్నాయి. అన్నీ ఖాళీయే.

కౌముది మొదటి చాప మీద పసుపు కాళ్ళతో కూర్చుని జడలో పూలు సర్దుకుంటోంది. ఇల్లు సాగడం మీద ఆమెకేమీ ఫిర్యాదు లేదు. అడిగినవాళ్ళకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, తను చెప్పలేకపోతోంది కాబట్టి ఇల్లు చెబుతోంది, అంతే అనుకుంటోంది.

తన తరఫున ఎవరూ లేరన్నది ఆమెకి కొత్త సంగతి కాదు. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఎవరో ఆడపిల్లల హాస్టలు వరండాలో పడుకోబెట్టి వెళ్ళిపోయారు. ఎవరో, ఏ ఊరివాళ్ళో తెలియదు. ఆ రాత్రి పున్నమి కాబట్టి హాస్టలు సిస్టరు కౌముది అని పేరు పెట్టింది. పెరిగి, చదువుకుని, అదే ఊళ్ళో ఇంగ్లీషు టీచరైంది. ఆ బళ్ళోనే డ్రిల్లు మాస్టారు పైడిరాజు. ఒకనాడు ఆమె క్లాసులో "కాలీవాబుల్స్" అనే మాట చెప్పబోయి, పిల్లలకంటే ముందు తనే పగలబడి నవ్వింది. గ్రౌండులో విజిలు ఊదబోతున్న పైడిరాజు ఆ నవ్వు విని ఊదడం మరిచిపోయాడు. పిల్లలు ఆ రోజు చీకటి పడేదాకా గ్రౌండు చుట్టూ పరిగెత్తుతూనే ఉన్నారు.

పైడిరాజుకి ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా వాళ్ళ మామ్మ గున్నమ్మది.

"నాకేటీ వద్దురా. బంగారవొద్దు, బట్టలొద్దు. వరస కావాల," అంది.

గున్నమ్మకి వరసల పిచ్చి. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని తగరపువలస దాటేలోగా ఊరూ ఇంటిపేరూ అడిగేసి, ఏ వేలువిడిచిన మేనమామ దారినో లాక్కొచ్చి, అన్నయ్యనో వదిననో చేసి గానీ దిగనివ్వదు. వరస తెలియని మనిషి ఎదురుగా ఉంటే ఆవిడకి ముద్ద దిగదు. ఆ ఇంటి ఆనవాయితీ కూడా ఆవిడకి తగ్గట్టే ఉంది. పెళ్ళికూతురి తరఫున ఒక్కరైనా ఆ ఇంటి పెద్దావిడ చేతి పానకం తాగి, వరస కలుపుకోవాలి. ఆ కలిసిన వరసలో పిల్లా పిల్లాడూ బావామరదళ్ళు కావాలి. అప్పుడుగానీ పెళ్ళిరాట భూమిలోకి దిగదు.

అందుకే ఇప్పుడు రాట పక్కింట్లో, గున్నమ్మ వాకిట్లో, నేలకి జానెడు ఎత్తున, గాలిలో నిలబడి ఉంది. ఒళ్ళంతా పసుపు పూయించుకుని, తలకి మామిడాకులు కట్టించుకుని, కింద తవ్విన గోతి వంక చూస్తోంది. పొద్దు పావురాలకొండ వెనక్కి దిగేలోగా ఇది దిగకపోతే పందిరి విప్పేస్తారు. పెళ్ళి లేదు. పైడిరాజు పొద్దుటి నుంచి దాన్ని కావలించుకుని కిందికి లాగుతున్నాడు. డ్రిల్లు మాస్టారి కండలకి లొంగే రకం కాదది.

కౌముదికి చేతనైన పని ఒకటుంది. చిన్నప్పుడు హాస్టల్లో ఆదివారాలు నేర్చుకున్న పని. ఆదివారం అంటే పిల్లల్ని చూడ్డానికి ఇంటివాళ్ళొచ్చే రోజు. అందరి అమ్మలూ జంతికల డబ్బాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాళ్ళు. కౌముది లైబ్రరీ గదిలో, అట్టలూడిపోయిన ఇంగ్లీషు డిక్షనరీని ఒళ్ళో పెట్టుకుని, పలికితే నవ్వొచ్చే మాటల్ని వెతికి ఒక్కొక్కదాన్నీ పైకి పిలిచేది. నిన్‌కంపూప్! స్కెడాడిల్! బ్యాండికూట్! పెదాలకి చక్కిలిగిలి పుట్టేది. కిటికీలోంచి జంతికల వాసన వస్తే ఇంకో మాటని ఇంకాస్త గట్టిగా పిలిచేది.

ఇప్పుడూ అదే చేస్తుంది. ఖాళీ చాపల వైపు తిరిగి, నోటి చుట్టూ అరచేతులు పెట్టుకుని, చిన్ననాటి మాటల్ని పేరుపేరునా పిలుస్తుంది.

ఆఖరి పేరు పిలిచేసరికి తగరపువలస బస్సు వచ్చి విడిది ముందు ఆగుతుంది. ఆ వీధిలో బస్సు పట్టదు. అందుకని కాస్త ఒత్తిగిలి వచ్చింది.

ముందుగా దిగినవాడు స్కెడాడిల్. కాలికి బుద్ధి చెప్పడం అతని వృత్తి. "నమస్కారం, వెళ్ళొస్తాను" అంటూ ముందు తలుపులోంచి వచ్చి, వెనక తలుపులోంచి పోయి, మళ్ళీ ముందు తలుపులోంచి వస్తాడు. అతని వెనక నిన్‌కంపూప్. ఇంగ్లీషువాళ్ళ వెర్రివెంగళప్ప. కండువా కాళ్ళకి చుట్టుకుని, చెప్పులు భుజాన వేసుకుని, అందరికీ వీపు వైపు నుంచి దణ్ణం పెడుతున్నాడు. ఎవరికీ అర్థం కాని ఆఫీసు భాష పేరు గాబుల్డీగుక్. అతనికి గడ్డం కింద ఎర్రటి తోలు వేలాడుతోంది. కడుపులో గాభరాకి పేరైన కాలీవాబుల్స్ రెండు చేతులా పొట్ట పట్టుకుని దిగింది. బురిడీ కొట్టించడంలో ఆరితేరిన బాంబూజుల్ టోపీ మీద టోపీ పెట్టుకుని, తల వంచకుండా దిగాడు.

అందరికంటే వెనక ఒక ఆడమనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉంది. సన్నటి మీసాలున్నాయి. గోళ్ళ నిండా మట్టి. ఆవిడ ఎవరి వంకా చూడదు. ముక్కు ఎగబీల్చి, విడిదిలోకి రాకుండా, నేరుగా గున్నమ్మ పెరట్లోకి నడిచిపోతుంది. బ్యాండికూట్.

"మేమంతా పెళ్ళికూతురి తరఫే," అని బాంబూజుల్ కండక్టరుకి చెబుతాడు. చెప్పింది బాంబూజుల్ కాబట్టి కండక్టరు నమ్మడు. కౌముది నమ్ముతుంది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసే వస్తాయి. నవ్వుకి ముందు దారి ఇస్తుంది, అది చిన్నప్పటి అలవాటు.

కబురు అందుకుని గున్నమ్మ పానకం బిందె చంకనెత్తుకుని వస్తుంది. నోట్లో అడ్డపొగ. ఆ పక్క ముసలమ్మల్లాగే చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. మాట్లాడినప్పుడల్లా పొగ బయటికొచ్చి, అన్నమాట ఆకారం కట్టి కాసేపు నిలబడుతుంది. వదిన అంటే ఆ పొగ కొంగు దోపుకుంటుంది. బావ అంటే మీసం దువ్వుతుంది. చుట్టాలని చూడగానే గున్నమ్మ మొహం చాటంత అవుతుంది.

"రండి బాబూ రండి. కూకోండి. ఇంతమందున్నారా ఈ గుంట పిల్లకి! ఏదీ, ఒకల్తరవాత ఒకలు సెప్పండి. మీదే ఊరు నాయినా?"

నిన్‌కంపూప్ చెప్పులు భుజం మార్చుకుంటాడు. "అది తేలలేదమ్మా. పాతకాలపు లాటిన్ మాటకి నేను మనవణ్ణని ఒక పండితుడు. కాదని ఇంకో పండితుడు. కోర్టులో ఉంది."

"తీర్పొచ్చేక రా," అని గున్నమ్మ గాబుల్డీగుక్ వైపు తిరుగుతుంది. "నువ్వో?"

"అమెరికా. ఒకాయన ఆఫీసు కాగితాలు చదివి చదివి వేసారిపోయాడు. అందులో భాష ఆయనకి వాళ్ళ ఊరి టర్కీ కోళ్ళ అరుపులా వినబడింది. ఆ విసుగులో నేను పుట్టాను."

"అయితే తండ్రి మనిషి, తల్లి కోడి." గున్నమ్మ కాసేపు వేళ్ళ కణుపులు లెక్కపెడుతుంది. "కోళ్ళతో మాకు వియ్యం లేదు బాబూ. తినడమే తప్ప ఇచ్చిపుచ్చుకోడాల్లేవు. నీకేటమ్మా, అలగున్నావు?"

"మా నాన్న కడుపునొప్పి, మా అమ్మ వణుకు. ఇద్దరూ పెళ్ళాడితే నేను పుట్టానని అంటారు," అంటుంది కాలీవాబుల్స్, పొట్ట వదలకుండానే.

"ఓలమ్మ, ఎంత జబ్బు వంశమో." గున్నమ్మ బొడ్లోంచి వాము తీసి ఆవిడ నోట్లో పోస్తుంది. కాలీవాబుల్స్ నమిలి, జీవితంలో మొదటిసారి పొట్ట మీంచి చేతులు తీసి, ఆ చేతులతో ఏం చేయాలో తెలియక చప్పట్లు కొడుతుంది. వరస మాత్రం కలవలేదు. రాట కదల్లేదు.

ఇక బాంబూజుల్.

"ఊరు?" "తెలియదు." "తల్లి?" "తెలియదు." "తండ్రి?" "తెలియదు. డిక్షనరీలో నా పేరు పక్కన పుట్టుక తెలియదనే ఉంటుంది."

కౌముది తల దించుకుంటుంది. హాస్టల్లో తన గురించి ఎవరు అడిగినా చెప్పిన మాట అదే. కానీ బాంబూజుల్ గొంతు తగ్గలేదు. టోపీలన్నీ ఒకసారి ఎత్తి మళ్ళీ పెట్టుకుని, "అయినా మూడు వందల ఏళ్ళ నుంచి అందరూ నన్ను పిలుస్తూనే ఉన్నారు. నేను పలుకుతూనే ఉన్నాను. ఏ లోటూ లేదు," అంటాడు. కౌముది ఆ మనిషి వంక చూసి, మెల్లగా తనూ నడుం నిటారు చేసుకుంటుంది.

"లోటు నీకు లేదు నాయినా, నాకుంది," అంటుంది గున్నమ్మ దిగులుగా. "ఏటే గుంటా, ఇంతమందొచ్చారు, ఒక్కలికీ ఊరూ పేరూ లేదు. ఇంక మీవోల్లు ఎవులూ లేరేటి?"

ఆ ప్రశ్న గట్టిది. ఇల్లు ఈసారి బారెడుతో ఊరుకోదు. వెనక గోడ ఇసక దాటి వెళ్ళి సముద్రంలో పడుతుంది. చాపలు కెరటాల మీద కూడా పరుచుకుంటూ పోతాయి.

అప్పుడే గున్నమ్మ పెరట్లోంచి కోళ్ళ గోల. తరాల నాటి వడ్ల గాదె ఒక పక్కకి ఒరుగుతోంది. దాని కింద ఎవరో తవ్వుతున్నారు. గున్నమ్మ బిందె దింపి, చీపురుకట్ట అందుకుని పరిగెడుతుంది. వెనకే అందరూ.

"ఎవుల్దే అది? ఓసి పందికొక్కా!"

గాదె కింది నుంచి బ్యాండికూట్ తల బయటపెడుతుంది. మీసాల మీద మట్టి, బుగ్గల మీద కన్నీళ్ళు.

"ఇంకొక్కసారి అనండి," అంటుంది.

"ఏటి, పందికొక్కా అనా?"

"అదే. అదే నా పేరు. పూర్తిపేరు పెట్టి పిలిచి ఎంతకాలమైందో." ఆవిడ కళ్ళు తుడుచుకుంటే కొంగంతా గాదె కింది మట్టే. "ఇక్కడే పుట్టాను, ఈ గాదె కింద. దొరలొచ్చి గాదెలు చూసినప్పుడు నన్నూ చూశారు. పేరేమిటని అడిగితే మీవాళ్ళు చెప్పారు. వాళ్ళ నోట్లో పట్టక అటూఇటూ ఒత్తి, బ్యాండికూట్ అని చేసుకుని ఓడెక్కించారు. అప్పట్నుంచి డిక్షనరీలో కాపురం. అక్కడ నా పేరు పక్కన తెలుగు అని ఉంటుంది. పుట్టిల్లు మరిచిపోకుండా రోజూ అది చదువుకునేదాన్ని."

చీపురుకట్ట గున్నమ్మ చేతిలోంచి జారిపోతుంది.

"ఓలమ్మో! మా ఇంటి ఆడపడుసువా! ఇన్నేళ్ళూ ఒక పండక్కి రాలేదు, ఒక పబ్బానికి రాలేదు. ఎలగ సిక్కిపోనావే తల్లీ!" అని ఆ గుండ్రటి మనిషిని చేతులు చాలినంత మేర కావలించుకుంటుంది. పానకం బిందె తెప్పించి చేతికిస్తే, ఆవిడ గ్లాసు అడగకుండా బిందె ఎత్తి గటగటా తాగేస్తుంది. పుట్టింట్లో మొహమాటమేమిటి. వాకిట్లో రాట బెత్తెడు కిందికి దిగుతుంది. పైడిరాజు ఈల వేస్తాడు.

కౌముది ఆనందం పట్టలేకపోతుంది. చిన్నప్పుడు తను పిలిచిన మాటల్లో ఒకటి పక్కింటిదే. ఈ మట్టిదే. హాస్టల్లో తనకంటే పెద్దవాళ్ళనందరినీ పిలిచినట్టే పరిగెత్తి, "అక్కా!" అని ఆవిడ చేయి పట్టుకుంటుంది.

గున్నమ్మ నవ్వు సగంలో ఆగుతుంది. బొటనవేలు కణుపుల మీద నడవడం మొదలుపెడుతుంది.

"ఉండండి. ఇది మా ఇంటి ఆడపడుసు. అక్కా అందంటే ఈ గుంటకి ఇది అప్ప. అప్పయితే ఈ గుంటా మా ఇంటి ఆడపడుసే. అంటే మా పైడిరాజుకి..."

ఆవిడ పలకకముందే పొగ ఆకారం కట్టేస్తుంది. అన్నా చెల్లెలూ పక్కపక్కన.

సన్నాయి గొంతులో ముల్లు దిగినట్టు ఆగిపోతుంది. రాట చివ్వున మామిడికొమ్మంత ఎత్తుకి లేస్తుంది, దాన్ని కావలించుకున్న పైడిరాజుతో సహా. అతని చేతి కంకణం రాఖీగా మారి తళుకులీనుతోంది.

"మామ్మా! కలిపింది విప్పెయ్యే!" అని పైనుంచి అరుస్తాడు.

"విప్పడానికి అదేటన్నా జడేట్రా? కలిసీసింది," అంటుంది గున్నమ్మ. ఆవిడ గొంతులోనూ ఏడుపు ఉంది. పిల్ల ఆవిడకి ఎప్పుడో నచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, వరస తేలకుండా నచ్చడం ఆ ఇంట్లో మర్యాద కాదు.

కౌముది బ్యాండికూట్ చేయి వదల్లేదు. అవునంటే పెళ్ళి లేదు. కాదంటే తనవాళ్ళంటూ లేరు. పొద్దు పావురాలకొండ మీద చతికిలబడి, ఏమవుతుందో చూసిపోదామని ఆగింది.

బ్యాండికూట్ గోళ్ళలో మట్టి తీసుకుంటూ, "ఎందుకింత కంగారు?" అంటుంది. "నేను ఓడెక్కేనాటికి ఈ పిల్లాడు పుట్టాడా? లేదు కదా. వీడికి పై తరం దాన్ని. అప్పనెలా అవుతాను? మేనత్తని."

గున్నమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంటుంది. "మేనత్త! నా మతి మండ! మేనత్త కూతురైతే మావోడికి సుబ్బరంగా మరదలు! అంతకన్నా మంచి వరస ఈ బూపెపంచకంలో లేదు!" మళ్ళీ మొహం ముడుచుకుంటుంది. "మరి కూతురేదీ?"

అందరూ కౌముది వంకే చూస్తారు. స్కెడాడిల్ కూడా నిలబడిపోతాడు, అది అతనికి మొదటిసారి.

"అప్పా అన్న నోటితోటే ఓపాలి అమ్మా అనీ," అంటుంది గున్నమ్మ మెత్తగా. "మనసులో అనుకుంటే సాలదే తల్లీ. రాటకి ఇనపడాల."

ఎంత పని, ఒక్క మాటే కదా అనిపిస్తుంది. కానీ కౌముది పుట్టాక ఆ మాట ఎవరినీ ఎదురుగా నిలబెట్టుకుని అనలేదు. హాస్టల్లో పెంచినవాళ్ళంతా సిస్టర్లే, మిగతావాళ్ళు అక్కలే. పాఠాల్లో చదివింది, పిల్లలకి రాయించింది, పరీక్షల్లో దిద్దింది. అంతే. ఇప్పుడు నోరు తెరుస్తుంది. "హల్లబలూ," అంటుంది. బొద్దుగా ఉన్న ఒక అల్లరి మాట ఆమె నోట్లోంచి దూకి కోళ్ళ వెంట పడుతుంది. మళ్ళీ తెరుస్తుంది. "కెర్‌ఫఫుల్." స్కాట్లాండు ఊలు శాలువాలో చిక్కుకుని ఒక రభస బయటపడి, గాదె చుట్టూ దొర్లుతుంది. మళ్ళీ. "పాపీకాక్." ఉత్త పిచ్చివాగుడికి పేరైన అతను నేల మీద కాలు పెట్టగానే, ఈ ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులుండాలే, మావాళ్ళది ఆ దేశమేనంటారు అని దారి అడిగి, పూలు పట్టుకుని పోతాడు. పెరడంతా మాటలు. గున్నమ్మ వాకిట్లో ఏ పెళ్ళిలోనూ ఇంత సందడి లేదు. కావలసిన ఆ ఒక్కటీ తప్ప నోట్లోంచి అన్నీ వస్తున్నాయి.

బ్యాండికూట్ ఆమె దగ్గరికొచ్చి వెనక్కి తిరిగి నిలబడుతుంది.

"ఇది చూడు. దొరలు నా పేరు ఆస్ట్రేలియా దాకా మోసుకుపోయి అక్కడో జంతువుకి పెట్టారు. దానికి పిల్లని పెట్టుకునే సంచీ ఉంటుంది. నా పేరు వాడుకుంటోంది కాబట్టి నాకూ ఒక సంచీ ఇచ్చింది. వెనక్కి తెరుచుకుంటుంది, తవ్వేటప్పుడు లోపల మట్టి పడకుండా. ఇందులో ఇంతవరకూ ఎవరూ లేరు." ఆవిడ మెడ తిప్పి చూస్తుంది. "నువ్వు ఆదివారం ఆదివారం పిలిచేదానివి. నేను వచ్చేదాన్ని. హాస్టలు గేటు దగ్గర, పిల్లకి నువ్వేమవుతావు అని అడిగేవాళ్ళు. చెప్పడానికి నా దగ్గర వరస లేదు. వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. చెయ్యి పెట్టు."

కౌముది సంచీలో చెయ్యి పెడుతుంది. మోచేతి దాకా వెళుతుంది. వేళ్ళకి జంతికలు తగులుతాయి. ఒక ఆదివారానివి కావు, అన్ని ఆదివారాలవీ. ఇంకా వేడిగా ఉన్నాయి.

"అమ్మా," అంటుంది కౌముది.

ఆ మాట చిన్నగానే వస్తుంది. గున్నమ్మ దాన్ని మాత్రం మీదే ఊరని అడగదు. చుట్ట తీసి చేతిలో పట్టుకుని, చెంగుతో ముక్కు చీదుకుంటుంది.

వాకిట్లో రాట సర్రున దిగి గోతిలో కూర్చుంటుంది. పైడిరాజు దాంతోపాటే జారి, మోకాళ్ళ దాకా మట్టిలో పాతుకుపోతాడు. అతన్ని తవ్వి బయటికి తీసింది అత్తగారే. ఈ ఊళ్ళో ఏ అల్లుడికీ అంత తొందరగా అత్తగారి సాయం అందలేదు. రాఖీ మళ్ళీ కంకణమైంది. సన్నాయి ముల్లు మింగేసి అందుకుంటుంది. పొద్దు కొండ మీంచి లేవకుండా కూర్చుని తాళి కట్టడం చూసి, అక్షింతలు వేసి, అప్పుడు దిగుతుంది.

ఆడపడుచుకి పెట్టకుండా ఉండిపోయిన సారె అంతా గున్నమ్మ ఒక్కసారే పెడుతుంది. చీర, పసుపు, కుంకుమ, కడుపు చల్లగా ఉండాలని పెద్ద చలిమిడి ముద్ద. బ్యాండికూట్ సంచీ వెనకవైపు కాబట్టి, ఆవిడ గున్నమ్మకి వీపు చూపించి సారె అందుకుంటుంది. నిన్‌కంపూప్‌కి ఇందులో వింతేమీ కనబడదు, పెద్దలకి అలాగే దణ్ణం పెట్టాలని అతను మొదటి నుంచీ చెబుతున్నాడు.

కొత్త దంపతులు గుమ్మం దగ్గరికి రాగానే పైడిరాజు చెల్లెలు బంగారి చేతులు అడ్డం పెడుతుంది. "పేర్లు సెప్పి లోపలికి రండి వదినా. ఎవులమ్మాయివో అదీ సెప్పాల."

"పందికొక్కుగారి అమ్మాయి కౌముదినీ, మా ఆయన పైడిరాజుగారూ వచ్చాం," అంటుంది కౌముది. ఊరందరికీ వినబడేలా అంటుంది. బంగారి మూతి బిగించుకుని నవ్వాపుకోబోయి, ఆపుకోలేక తలుపు వదిలేస్తుంది.

భోజనాలయ్యాక చాపలు చుట్టేయడానికి విడిదికి వెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో తిరిగొస్తారు. ఇల్లు మళ్ళీ పొట్టిదవలేదు. చాపలకి చివర దొరకడం లేదు. పెంకుల కప్పు సముద్రం మీదుగా అలా పోతూనే ఉంది, కింద కెరటాలు నిట్రాళ్ళని రాసుకుంటున్నాయి.

"ఉంచండి," అంటుంది బ్యాండికూట్. "ఆదివారాలు బస్సు కోసం చూడక్కర్లేదు. ఇలా నడిచి వచ్చేస్తాను."

ఆ మాట అంటుండగానే దూరంగా ఆఖరి చాప కదులుతుంది. చుట్టాల సందడీ పానకం వాసనా ఇంతసేపూ కింద నుంచి గమనిస్తున్న సముద్రం, అంచులు దగ్గరికి లాక్కుని, తడి కాళ్ళు గుమ్మంలో తుడుచుకుని, లోపలికి వస్తుంది. ఒక్కొక్క చాపా దాటుకుంటూ వచ్చి, బాంబూజుల్ పక్కన, మఠం వేసుకుని సర్దుకుని కూర్చుంటుంది. బయట ఖాళీ ఇసక మీద పడవలు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి.

గున్నమ్మ బిందెతో దాని ముందు నిలబడుతుంది. అడక్కుండా ఉండడం ఆవిడ వల్ల కాదు.

"మీదే ఊరు నాయినా?"

సముద్రం తల దించుకుంటుంది. "తెలియదమ్మా," అంటుంది.

అందరూ ఇంటి వంక చూస్తారు. ఇల్లు సాగదు. కౌముది పెళ్ళిచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చి, సముద్రం కింద ముడతపడిన చాపని సరిచేస్తుంది.

"మావాళ్ళే, మామ్మగారూ. మా తరఫు. పొయ్యండి," అంటుంది.

సముద్రం రెండు చేతులూ దోసిలి పట్టి, ఒక్క చుక్క కూడా ఒలకకుండా, పానకం అందుకుంటుంది.